గదిలో ‘నువ్వు’, సెట్‌లో ‘సార్’: నెల్లూరులో నేను చూసిన ఒక కేసు

మైపాడు బీచ్‌లో నైట్ షూట్ జరుగుతోంది. రాత్రి పదకొండు దాటాక ఒక సీను ఓకే అయింది. తండ్రి వేషం వేసిన పెద్దాయన మానిటర్ దగ్గరికి వచ్చి, “ఆ చివరి మాట ఎక్కడ పట్టావయ్యా, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంది” అని డైరెక్టర్ భుజం తట్టారు. డైరెక్టర్ “థ్యాంక్యూ సార్” అన్నాడు. ఆ మాట రాసింది పక్కనే, షాటుకీ షాటుకీ తేడా రాకుండా రాసుకునే కంటిన్యుటీ ప్యాడ్ పట్టుకుని నిలబడి ఉన్న అసిస్టెంట్ డైరెక్టర్ అమ్మాయి. పది నిమిషాలకు ఆమెకు వేళ్లు తిమ్మిరెక్కాయి. గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననుకుంది. ప్రొడక్షన్ వాళ్లు వ్యాన్‌లో నెల్లూరు తీసుకొచ్చారు. ఈసీజీ బాగానే ఉంది. డ్యూటీ డాక్టరు గుండెకేమీ లేదని చెప్పి నా నంబరు రాసిచ్చారు.

నాలుగో రోజు ఆమె వాళ్ల పిన్నితో కలిసి నా దగ్గరికి వచ్చింది.

నేను నెల్లూరులో పద్దెనిమిదేళ్లుగా కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంటర్, నీట్ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, గొడవపడే జంటలు, భర్త కువైట్‌లో ఉండి ఇక్కడ ఒంటరిగా ఇల్లు నడుపుతున్న ఆడవాళ్లు. సినిమా వాళ్లు అరుదు. ఈ కేసు రాయడానికి కారణం ఉంది. మన వైపు నుంచి హైదరాబాద్‌లో సినిమా వాళ్లుండే కృష్ణానగర్‌కు బస్సెక్కే పిల్లలు ఏటా పెరుగుతున్నారు. అక్కడ ఇద్దరు కలిసి పనిచేస్తూ ప్రేమలో పడితే ఎదురయ్యే ఒక చిక్కును మేం కౌన్సెలర్లం కూడా ‘లవ్ ప్రాబ్లం’ అని రాసి పక్కన పెట్టేస్తున్నాం. నేనూ మొదటి రెండు వారాలు అదే చేశాను.

ఇద్దరూ ఈ రాత చదివి ఒప్పుకున్నారు. పేర్లు పెట్టలేదు, గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చాను. మాటలు మాత్రం వాళ్లవే.

ఆమెకు 26 ఏళ్లు. ఒంగోలు అమ్మాయి. తండ్రి చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తారు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో రెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మానేసి, దర్శకత్వ శాఖలో చేరింది. అతనికి 29. అల్లూరు దగ్గర పల్లె. తండ్రి రొయ్యల గుంటలు కౌలుకు తీసుకుని వైట్ స్పాట్ వైరస్ దెబ్బకు రెండు పంటలు పోగొట్టుకున్నారు. ఆ నష్టం మధ్యలోనే కొడుకు సినిమాల్లోకి వెళ్తానన్నాడు. తండ్రి మూడేళ్లు గడువు పెట్టారు. అది అయిపోయి ఇంకో రెండేళ్లు గడిచాయి.

ఇద్దరూ ఒక పెద్ద సినిమాలో అసిస్టెంట్లుగా కలిశారు. ఆమె క్లాప్ కొట్టేది, అతను అసోసియేట్. రాత్రి ప్యాకప్ అయ్యాక అతని కథ మీద కూర్చునేవాళ్లు. ఆ కూర్చోవడంలోనే ప్రేమ పుట్టింది. ఇది ముఖ్యమైన సంగతి. వాళ్ల మధ్య షికార్లు లేవు, గిఫ్టులు లేవు. ఒక సీను కుదిరినప్పుడు ఇద్దరికీ కలిగిన ఆనందమే వాళ్ల ప్రేమ. ఆమె మాటల్లోనే చెప్పాలంటే, “ఇంటర్వెల్ సీను దొరికిన రోజు మొదటిసారి చెయ్యి పట్టుకున్నాడు మేడమ్.”

మూడేళ్ల తర్వాత నెల్లూరులోనే రియల్ ఎస్టేట్ చేసే ఒకాయన డబ్బు పెట్టడానికి ముందుకొచ్చారు. చిన్న బడ్జెట్, పాతికమంది యూనిట్, 34 రోజుల షెడ్యూల్. అతను డైరెక్టర్ అయ్యాడు. ఆమె అతని కింద అసిస్టెంట్ అయింది. రోజూ ఇచ్చే బేటా, అంటే రోజు ఖర్చుల డబ్బు తప్ప జీతం లేదు.

కష్టమంతా అక్కడ మొదలైందని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజు నాకది తట్టలేదు. వాళ్ల పిన్ని మొదటి పది నిమిషాల్లోనే కేసు మొత్తం నా చేతిలో పెట్టేశారు. “ఆ పిల్లోడు దీన్ని పెళ్లి చేసుకుంటాడో లేదోనని బెంగబ్బా దీనికి. వాళ్లది వేరే కులం. మా అక్కా బావా ఒప్పుకోరు. గమ్మున ఉద్యోగం చేసుకో అంటే వినలేదు.” ఇలాంటివి నేను వందల సంఖ్యలో చూశాను కాబట్టి ఆ చొక్కా ఈ కేసుకూ సరిపోతుందనుకున్నాను. నోట్స్‌లో ‘పెళ్లి గురించిన అనిశ్చితి, కుటుంబ వ్యతిరేకత’ అని రాసుకున్నాను.

పరీక్షల సంగతి క్లుప్తంగా చెబుతాను. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9 తెలుగు ప్రశ్నపత్రంలో 27కు 13, అంటే మధ్యస్థం. ఆందోళన కొలిచే జీఏడీ-7లో 21కి 16. ఆ ప్రశ్నపత్రంలో 15 నుంచి పైన తీవ్రం కింద లెక్క. పీహెచ్‌క్యూ-9లో చావు గురించిన ప్రశ్నకు సున్నా పెట్టింది. అయినా విడిగా అడిగాను, అలాంటి ఆలోచన లేదంది. థైరాయిడ్ పరీక్ష చేయించాం, మామూలుగానే ఉంది. నైట్ షూట్లలో రోజుకు ఎనిమిది టీలు తాగుతోంది, నిద్ర నాలుగు గంటలు. నెలన్నరలో పానిక్ అటాక్ మూడుసార్లు వచ్చింది. బీచ్‌లో వచ్చింది మూడోది.

నన్ను దారిలో పెట్టింది ఆ మూడు అటాక్‌లే. మొదటివి ఎప్పుడెప్పుడు వచ్చాయో, ముందు ఏం జరిగిందో నిమిషాల లెక్కన రాసుకురమ్మన్నాను. మొదటిది పూజ రోజు, ఒక విలేకరి “కథ ఎలా పుట్టింది?” అని అడిగితే అతను “మా ఊరి గుంట గట్టు మీద” అని జవాబిచ్చిన తర్వాత. రెండోది లొకేషన్‌లో, అందరి ముందు అతను ఆమెను “ఏమ్మా, కంటిన్యుటీ చూసుకోవా?” అని కసిరిన తర్వాత. మూడోది మీకు తెలుసు. పెళ్లి మాట మూడింట్లోనూ లేదు. ఇంటి నుంచి ఫోన్ లేదు. మూడో సెషన్‌లో నేను పెళ్లి గురించి గుచ్చి గుచ్చి అడిగితే ఆమె మామూలుగా జవాబులు చెప్పింది. “అతను థ్యాంక్యూ అన్నప్పుడు నువ్వేం అనుకున్నావు?” అని అడిగాను. అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

తేరుకున్నాక చెప్పిన మాటే ఈ రాతకు తలకట్టు. “గదిలో వాడు నాకు ‘నువ్వు’. సెట్‌లో ‘సార్’. సెట్‌లో సార్ అనకపోతే మిగతా అసిస్టెంట్లు ఏమనుకుంటారోనని మేమే అట్టా అనుకున్నాం. ఇప్పుడు గదిలో కూడా నా నోటికి ‘సార్’ వచ్చేస్తోంది మేడమ్. కథ నాదని అడగాలంటే సార్‌ని అడగాలి. అడిగితే గదిలో ఉన్నవాడు బాధపడతాడు.”

పాత నోట్స్ కొట్టేసి కొత్తగా రాసుకున్నది ఇది. వీళ్లిద్దరికీ ఒకేసారి రెండు సంబంధాలున్నాయి. ఒకటి సమానులది, రెండోది పెద్దా చిన్నా ఉన్నది. ఒక సంబంధంలో కలిగిన నొప్పిని చెప్పుకోవడానికి రెండో సంబంధం అడ్డొస్తోంది. అడిగితే ప్రేమలో లెక్కలు చూసినట్టవుతుందని ఆమె నోరు కట్టేసుకుంది. నోరు కట్టేసుకుంటే ఒళ్లు మాట్లాడింది. మనుషుల మధ్య సంబంధాల మీద పనిచేసే ఇంటర్‌పర్సనల్ సైకోథెరపీలో దీన్ని రెండు సమస్యలు ఒకచోట పడడంగా చూస్తాం. ఒకటి పాత్ర మారడం, అంటే సహ రచయిత కాస్తా కింది ఉద్యోగి అయింది. రెండోది పాత్ర గురించిన తగాదా, అంటే ఎవరు ఎవరి నుంచి ఏం ఆశించాలన్న దానిలో పొంతన లేదు. ఆ పద్ధతిలో 12 నుంచి 16 సెషన్లు ఉంటాయి. పానిక్ కోసం దానికి కొంత సీబీటీ, అంటే ఆలోచనల తీరు, అలవాట్లు మార్చే చికిత్స కలిపాను.

ఇక్కడ ఒక పని తప్పించుకోలేను. కౌన్సెలర్లు చాలామంది తప్పించుకుంటారు కాబట్టి నొక్కి చెబుతున్నాను. ప్రేమించినవాడే పై అధికారి అయినప్పుడు, ఆ ప్రేమలో ఆమె ఇష్టం ఇప్పటికీ స్వేచ్ఛగానే ఉందా అని సూటిగా అడగాలి. అడిగాను. వద్దంటే సినిమా నుంచి తీసేస్తానని ఎప్పుడైనా అన్నాడా? గదికి రాకపోతే సెట్‌లో తేడా చూపించాడా? లేదంది. ఆలోచించుకుని మరుసటి వారం మళ్లీ లేదంది. అయినా చట్టం సంగతి ఆమెకు చెప్పాను. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం తాత్కాలికంగా పనిచేసేవాళ్లకు, జీతం లేకుండా పనిచేసేవాళ్లకు కూడా వర్తిస్తుంది. పని మీద వెళ్లిన లొకేషన్, యాజమాన్యం పంపిన వాహనం కూడా పనిచేసే చోటు కిందికే వస్తాయి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయిలో లోకల్ కమిటీకి వెళ్లవచ్చు. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. పాతికమంది ఉన్న ఆమె యూనిట్‌లో అలాంటి కమిటీ మాట ఎవరూ ఎత్తనేలేదు. ఆమెకు ఫిర్యాదు అవసరం రాలేదు. కానీ తలుపు ఎక్కడుందో తెలిశాక ఆమె కుర్చీలో కూర్చున్న తీరు మారింది. నా కళ్లతో చూశాను.

పానిక్ తగ్గించే పని అనుకున్నదానికంటే తొందరగా జరిగింది. అటాక్ సాధారణంగా పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి, దానంతటదే దిగుతుందని గీసి చూపించాను. టీ రెండుకు తగ్గించింది. ఊపిరి గట్టిగా పీల్చడం మాని నెమ్మదిగా వదలడం నేర్చుకుంది. ఒక విచిత్రం గమనించాం. వాకీటాకీ గరగర వింటే చాలు ఆమెకు అరచేతులు చెమట్లు పట్టేవి. స్నేహితుడైన ఇంకో అసిస్టెంట్ ఫోన్‌లో లొకేషన్ చప్పుళ్లు రికార్డు చేసి పంపించాడు. ‘సైలెన్స్’, ‘రోల్ సౌండ్’, ‘యాక్షన్’, మధ్యలో వాకీటాకీ. నా గదిలో అవి మొదట తక్కువ శబ్దంలో, తర్వాత ఎక్కువ శబ్దంలో పెట్టి ఒళ్లు చల్లబడేదాకా కూర్చునేవాళ్లం. అర్ధరాత్రి ఏదైనా అయితే అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇచ్చాను. అది ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఒకసారి వాడుకుంది. షెడ్యూల్ 28వ రోజున మళ్లీ సెట్‌కు వెళ్లింది. షూటింగ్ ముగిసి గుమ్మడికాయ కొట్టేదాకా ఉంది.

ఇక నేను చేసిన తప్పు.

ఒకరోజు వానకు షూటింగ్ ఆగింది. అతను నన్ను కలవాలన్నాడు. ఆమె కూడా కలవమంది. ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టే ఆలోచన నాకు అప్పటికే ఉంది కాబట్టి, ముందు అతన్ని ఒక్కడినే చూశాను. జంటతో పనిచేయాలనుకుంటే మొదటి నిమిషంలోనే చెప్పాల్సిన ఒక షరతు ఉంటుంది: విడిగా నాతో చెప్పింది రెండోవాళ్ల దగ్గర దాచమని నన్ను అడగకూడదు. అది నేను చెప్పలేదు. మర్చిపోయాననడం సరికాదు. అతను గుమ్మంలోకి రాగానే తలవంచుకుని “మేడమ్, నేను దానికి అన్యాయం చేస్తున్నానా?” అన్నాడు. నా మనసు కరిగింది, పద్ధతి వెనక్కిపోయింది.

అతను చెప్పింది ఇది. టైటిల్స్‌లో ఆ అమ్మాయి పేరు రచనలో వేస్తే ‘డైరెక్టర్ గర్ల్‌ఫ్రెండ్ రాసిందట’ అని మార్కెట్‌లో అనుకుంటారని నిర్మాత అన్నాడు. అసిస్టెంట్ల వరసలో వేస్తే చాలన్నాడు. ఇతను సరేనని వచ్చేశాడు. ఆమెకు తెలియదు. “మొదటి సినిమాకు ‘రచన, దర్శకత్వం’ అని ఒకే కార్డు పడితేనే రెండో సినిమా వస్తుంది మేడమ్. రెండో సినిమా వస్తేనే మేం పెళ్లి చేసుకోగలం. మా నాయనకి ముఖం చూపించగలను. అదంతా మా ఇద్దరి కోసమే. మా ఇద్దరిదీ ఒకటేగా?”

ఆ చివరి మాట ఆ గంటలో ఏడుసార్లు అన్నాడని నా నోట్స్‌లో ఉంది. అబద్ధం చెప్పడం లేదు. మనసా వాచా నమ్ముతున్నాడు. అందుకే అది ప్రమాదం. ఇద్దరిదీ ఒకటే అయినప్పుడు ఆ ఒక్కటీ ఎప్పుడూ అతని పేరు మీదే ఎందుకు ఉంటోంది అన్న ప్రశ్న అతనికి రాలేదు. మన ఇళ్లలో ఇది కొత్తది కాదు. పొలం పట్టా, రేషన్ డీలర్‌షిప్, హోటల్ బోర్డు, అన్నీ ఇద్దరి కష్టంతో నిలబడి ఒకరి పేరున ఉంటాయి. ఆ తరం ఆడవాళ్లు అడగలేదు. ఈ అమ్మాయి అడగలేక జబ్బుపడింది.

ఆ రహస్యం తొమ్మిది రోజులు నా దగ్గర ఉంది. ఆ మధ్యలో ఆమె రెండు సెషన్లకు వచ్చింది. తన పేరు ఎక్కడ పడుతుందోనని మాట్లాడుతుంటే నేను కళ్లలోకి చూడలేకపోయాను. రెండోసారి “మేడమ్, మీకేమైనా తెలుసా?” అని అడిగింది. నేను మాట మార్చాను. పద్దెనిమిదేళ్లలో నేను సిగ్గుపడే రోజుల్లో అది ఒకటి. సీనియర్ సహోద్యోగికి ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆవిడ మొహమాటం లేకుండా చెప్పారు: ఆ అబ్బాయిని వేరే కౌన్సెలర్‌కు పంపు, వారంలోగా అతనే చెప్పాలని గడువు పెట్టు, లేకపోతే జంట సెషన్లు రద్దు చెయ్యి. అలాగే చేశాను. అతను ఒప్పుకున్నాడు.

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో ఇద్దరూ హైదరాబాద్ వెళ్తుండగా కావలి దాటాక చెప్పాడట. ఒంగోలులో రైలు ఆగగానే ఆమె బ్యాగు తీసుకుని దిగిపోయింది. అక్కడ స్టేషన్ నుంచి ఇల్లు ఆటోలో పావుగంట. మూడేళ్లుగా ఇంట్లో దాచిన విషయం ఆ రాత్రి అమ్మా నాన్నలకు చెప్పేసింది. నా దగ్గరికి రెండు వారాలు రాలేదు. నాకు ఫోన్ చేసి, “మీకు ముందే తెలుసు కదా?” అంది. తెలుసన్నాను, తప్పన్నాను. పెట్టేసింది.

మళ్లీ వచ్చినప్పుడు నాకు చెప్పిన సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. వాళ్లమ్మ అనుకున్నట్టుగానే ఏడ్చి, సంబంధాల గురించి ఎవరెవరికో ఫోన్లు చేశారు. తండ్రి రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున కాఫీ దగ్గర, “రాసింది నువ్వే అయితే కాగితం ఏదమ్మా?” అని ఒక్క మాట అడిగారట. ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి. కులం అడగలేదు, అబ్బాయి ఆస్తి అడగలేదు. కాగితం అడిగారు. మూడు నెలల్లో నేను చేయలేకపోయిన పని ఆ ప్రశ్న చేసింది. తనది ప్రేమ దెబ్బతిన్న దుఃఖం ఒక్కటే కాదని, రావాల్సిన బాకీ కూడా ఉందని ఆమెకు అర్థమైంది. బాకీ అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు.

దాని మీద నేను ఒక పని ఇచ్చాను. స్క్రిప్టులో 62 సీన్లున్నాయి. ఏ సీను ఎవరు రాశారో ఒక పట్టీ వేయమన్నాను. అతను తన కౌన్సెలర్ దగ్గర అదే పని చేశాడు. ఒకరిది ఒకరికి చూపించకుండా, పాత ఫైళ్లూ వాట్సాప్ మెసేజ్‌లూ చూసుకుని వేయాలి. జంట సెషన్‌లో రెండు పట్టీలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాం.

ఆమె పట్టీలో తనవి 27, ఇద్దరూ కలిసి రాసినవి 19, అతనివి 16. అతని పట్టీలో ఆమెవి 25, కలిసి రాసినవి 23, తనవి 14.

గదిలో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆమె అతనికి ఇచ్చిన లెక్క కంటే రెండు సీన్లు తక్కువే అతను వేసుకున్నాడు. అంటే అతనికి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. అతను దొంగ అనుకుని ఉంటే ఆమెకు తేలికయ్యేది. దొంగ కాదని రుజువైంది, పైగా అంతా తెలిసి కూడా ఊరుకున్నాడని రుజువైంది. ఆమె మెల్లగా, “ఇది నిర్మాతకి ఎందుకు చూపించలేదు నువ్వు?” అంది. సెట్ మొదలైన తర్వాత అతన్ని ఒక ప్రశ్న నిలదీసి అడగడం అదే మొదటిసారి. ‘సార్’ రాలేదు.

అతను చెప్పిన జవాబు నేను మామూలుగా రాయలేను, ఎందుకంటే ఏడుస్తూ చెప్పాడు. గుంటల్లో రొయ్యలు తేలిన రోజు నాయన గట్టు మీద కూర్చున్న తీరు గుర్తొస్తుందట. ఎవరైనా ‘నీ సత్తా ఏంది?’ అని అడిగితే చూపించడానికి తనకంటూ ఒక కార్డు కావాలట. “నీ పేరు కూడా వేస్తే సగం సత్తా నాది కాదని తెలిసిపోద్దని భయం.” ఆమె జవాబు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. “సగం నీదేగా. అది చాల్లేదా?”

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. ఆశ ఉన్న ఇద్దరు ప్రేమించుకుంటే ఆశ తప్పని, ఎవరో ఒకరు తగ్గాలని మన పెద్దలు తీర్పు చెబుతారు. తగ్గేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. సుళ్లూరుపేట పక్క మంగళంపాడు నుంచి వెళ్లిన ఆత్రేయ గారు మాటల రచయితగా తన పేరుతోనే నిలబడ్డారు. ఒంగోలు వైపు నుంచి వెళ్లిన దర్శకుడు టి.కృష్ణ గారు తక్కువ కాలంలోనే తన ముద్ర వేసి వెళ్లారు. పేరు కోసం ఇంటి నుంచి బయల్దేరిన పిల్లలకు పేరు మీద కోరిక ఉండడం ఆకలి ఉండడం లాంటిదే. ఆ కోరిక అతనిలో ఉంటే ప్రతిభ అని, ఆమెలో ఉంటే స్వార్థం అని చూసే చూపును నేను ఒప్పుకోను. ఆమె మూడేళ్ల పాటు తన సాఫ్ట్‌వేర్ పొదుపులోంచి గది అద్దె కట్టింది. ఆ లెక్క ఎవరూ తీయలేదు, తనూ తీయలేదు.

చట్టం నా పని కాదు. తెలిసిన అడ్వకేటు దగ్గరికి ఇద్దర్నీ పంపాను. ఆయన చెప్పినదాంట్లో రెండు సంగతులు ఈ వృత్తిలోకి వెళ్లే ప్రతి పిల్లకూ పిల్లాడికీ తెలియాలి. 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాసిచ్చేసిన తర్వాత కూడా ఆ రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకు మిగిలే ఉంటుంది. ఇక హక్కులు ఇవ్వడమన్నది సంతకంతో, రాతపూర్వకంగా జరగాలి, నోటిమాట చెల్లదు. హైదరాబాద్‌లో రచయితల సంఘంలో సభ్యులు కథను రిజిస్టర్ చేయించుకునే వీలుంది. అతను కథ రిజిస్టర్ చేయించింది ఒక్కడి పేరునే. ఆమె ఎక్కడా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. నిర్మాతకు చిక్కు అక్కడ అర్థమైంది.

అయినా తేలిగ్గా తెగలేదు. నిర్మాత మొదట ‘కథా సహకారం’ అని ఒక కార్డు ఇస్తానన్నాడు. అతను ఆమెను ఒప్పించబోయాడు. పాత అలవాటు. ఆమె వద్దంది. ఇంటి కోసం, పెళ్లి కోసం, వాళ్ల నాయన కోసం అని అతను మళ్లీ మొదలుపెడితే, “వీటి గురించి ఆదివారం మాట్లాడుకుందాం, ఇప్పుడు కార్డు గురించి మాట్లాడు” అందట. ఆ వాక్యాన్ని మేం నా గదిలో ఎన్నిసార్లు సాధన చేశామో చెప్పలేను. పనికి ఒక వేళ, ప్రేమకు ఒక వేళ. ఒకదాని మాట రెండోదానిలోకి తెచ్చేటప్పుడు అడిగి తేవాలి. చెప్పుకుంటే చిన్న నియమం. అమలు చేయడానికి వాళ్లకు రెండు నెలలు పట్టింది, ఎన్నోసార్లు తప్పింది.

చివరికి డబ్బింగ్ మొదలయ్యే ముందు అతనే నిర్మాతకు చెప్పాడు. కథ ఇద్దరి పేరున, మాటలు ఆమె ఒక్కదాని పేరున, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం తన పేరున. అలా కాకపోతే పోస్ట్ ప్రొడక్షన్‌కు రానన్నాడు. ఒప్పందం రాసుకున్నారు. ఆమెకు కొంత పారితోషికం కూడా ముట్టింది. దానికి అతను చెల్లించిన మూల్యం ఉంది. తర్వాతి సినిమా కూడా నీతోనే అన్న నిర్మాత ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఆ నష్టాన్ని నేను చిన్నది చేసి చెప్పను. అతని కౌన్సెలింగ్ ఇంకా సాగుతోంది.

మొత్తం ఐదు నెలల్లో ఆమెతో 14 సెషన్లు, జంటగా మూడు, అతనితో ఆ ఒక్కటీ జరిగాయి. చివరి సెషన్‌లో పీహెచ్‌క్యూ-9లో 4, జీఏడీ-7లో 6 వచ్చాయి. ఆఖరి పదకొండు వారాల్లో పానిక్ రాలేదు. తోటి కౌన్సెలర్లకు ఇందులోంచి ఒక్కటే అడుగుతాను: ఇద్దరూ ఒకే చోట పనిచేసే జంట వస్తే, ప్రేమ కథ వినేముందు అటెండెన్స్ రిజిస్టర్, జీతం కాగితం, బోర్డు మీద పేరు, వీటి గురించి అడగండి. నేను ఆ ప్రశ్నలు మొదటిరోజే అడిగి ఉంటే ఆమెకు ఆరు వారాలు కలిసొచ్చేవి.

ఆరు నెలల తర్వాత ఫాలో అప్‌కు ఆమె హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో మాట్లాడింది. వేరే దర్శకుడి దగ్గర మాటల రచయితగా చేస్తోంది, అగ్రిమెంటు రాయించుకునే చేరింది. “అక్కడ డైరెక్టర్‌ని సార్ అనే పిలుస్తా మేడమ్. ఏం బాధ లేదు” అంది. పెళ్లి సంగతి ఇంకా తేలలేదు. వాళ్లమ్మ మెత్తబడలేదు. ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఉంటున్నారు. ఆదివారాలు అతను వచ్చి చేపల పులుసు పెడతాడట. పులుపు ఎక్కువేస్తాడని చెప్పింది. ఈ మధ్య కొత్త కథ ఒకటి తట్టిందట అతనికి, ఆమెతో చెప్పబోయి ఆగి, “వింటావా, లేకపోతే వేరేవాళ్లకి చెప్పుకోనా?” అని అడిగాడట.

“నువ్వేమన్నావు?” అన్నాను.

“ఇంకా చెప్పలేదు. వచ్చే ఆదివారం చెప్తానన్నా” అంది.